విదేశ విద్యాప్రవేశము - డిగ్రీ మార్కుల ప్రాధాన్యము



మన యువతీయువకులు పైచదువులకై విదేశముల కేగుట నేడు సామాన్యమైనది. ఇది ముదావహమే. కాని పొలము కుదువబెట్టి బిడ్డలను పంపు తలిదండ్రులలో ననేకులు, ఆ ప్రయాణమునకు పునాది డిగ్రీ మొదటి యేటనే పడుచున్నదని యెఱుగరు. ఆ విషయమునే మీకు విన్నవింపదలచితిమి.

అమెరికాలో పెక్కు విశ్వవిద్యాలయములు 4 పాయింట్లకు 3 సగటును కనీసార్హతగా నిర్ణయించినవి. ఇంగ్లండునందు చాలచోట్ల ద్వితీయశ్రేణిలో పైతరగతికి సమానమగు ఫలితము నడుగుదురు. జర్మనీలో మన మార్కులను ఒక సూత్రముచే తమ కొలతకు మార్చుకొందురు. అచట 1 ఉత్తమము. 4 ఉత్తీర్ణతకు తుది హద్దు. మనకు 10కి 4 కనీసమైనచో, 7 తెచ్చుకొన్నవానికి అచట 2.5 వచ్చును; 8.5 తెచ్చుకొన్నవానికి 1.75 వచ్చును.

ఈ సగటు కడపటి యేటి శ్రమచే నొక్కసారిగా మారునది కాదు. మొదటి రెండేండ్లలో 5, తరువాతి రెండేండ్లలో 9 సాధించినవానికి, క్రెడిట్లు సమానమైనచో, మొత్తము 7 మాత్రమే మిగులును. తప్పిన పరీక్షలో పిమ్మట నెగ్గినను దాని జాడ ట్రాన్‌స్క్రిప్టునందు కనబడవచ్చును. మన మూడేండ్ల డిగ్రీని అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయములు తమ నాలుగేండ్ల డిగ్రీకి సమముగా నంగీకరింపవు. ఇవన్నియు చేరునప్పుడే తెలిసికొనవలసిన సంగతులు.

అయినను మార్కులే సర్వస్వమని మేము చెప్పము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి యాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులుగా తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో వెలువడిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయము చేయుదుమని మాట యిచ్చెను; మామగారు కొంత ధనము కూర్చిరి. బోస్టను చేరిన యా మహనీయుడు 1930లో హార్వర్డున డాక్టరేటు నందెను. పట్టము చిన్నదైనను పరిశోధన పెద్దదయ్యెను.

కావున మార్కులు తగ్గిన విద్యార్థి నిరాశపడరాదు. పరిశోధనానుభవము, ఆచార్యుల సిఫారసు లేఖలు, తరువాతి యేండ్ల యభివృద్ధి కొంతవఱకు లోటు తీర్పగలవు. కాని ధనమునకై దొంగ పత్రములు సృష్టించు దళారుల గడప మాత్రము త్రొక్కరాదు. అది బయటపడిననాడు సీటు, వీసా, కుటుంబ గౌరవము మూడును ఒక్కమారే పోవును.

పోషకులకు మా ప్రార్థన యొక్కటి. విమాన మెక్కువారికి పూలదండతో నిచ్చు విరాళములో సగమైనను, డిగ్రీ మొదటి యేట పుస్తకములకును ఫీజులకును తడబడు పేదబిడ్డల కిండు. ప్రతి జిల్లాలో చదువు ముగించినవా రిద్దరు ముగ్గురు, క్రొత్తగా చేరినవారికి దారి చూపుదురుగాక. ఆ బిడ్డ తడబడునది మొదటి మెట్టుననే; చేయి యందింపవలసినదియు నచటనే.