ఆలస్యముగా వచ్చిన జవాబు



ఉత్తరము పంపిన గుమాస్తా ప్రత్యుత్తరము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండడు. తక్కిన దస్త్రములు చూచుచునే యుండును. బ్రౌజరు పనియు నిట్టిదే. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ 'అజాక్స్' అని పేరిడిన పద్ధతిలో, పుట యంతయు మారకయే సర్వరునుండి సమాచారము వచ్చును.

చిక్కంతయు వరుసలో నున్నది. అడిగిన క్రమముననే జవాబులు వచ్చునను నియమము లేదు. ఒక ప్రయాణికుడు రైళ్లను వెదకుచు మొదట 'విజయవాడ' యని వ్రాసి, వెంటనే 'విజయనగరము' అని మార్చెననుకొందము. రెండవ జవాబు ముందు వచ్చి, మొదటిది వెనుక చేరినచో, పైన విజయనగరము పేరు, క్రింద విజయవాడ బండ్లు! తప్పు తెలియునది టిక్కెట్టు కొన్న పిమ్మటనే.

వెబ్ పుటలు కట్టువారికై 2016లో వెలువడిన ఆంగ్యులర్ 2 అను చట్రము ఇందుకు 'అబ్జర్వబుల్' అను సాధనమును చేపట్టినది. దానితో వాడు 'స్విచ్‌మ్యాప్' క్రొత్త ప్రశ్న రాగానే పాతదానిని విడిచిపెట్టును. పేరు కటువైనను పని సులభమే.

అయితే ఈ యుపాయము వెదకులాటకే తగును. సొమ్ము చెల్లింపునకు ప్రమాదకరము. బ్రౌజరు విడిచినంత మాత్రమున సర్వరు పని మానుకొనదు. ఖాతాలో సొమ్ము తరిగియే యుండవచ్చును, రశీదు మాత్రము కనబడదు. అచ్చట 'ఎగ్జాస్ట్‌మ్యాప్' మేలు: మొదటి విన్నపము తేలువరకు మీట నెన్నిసార్లు నొక్కినను రెండవది బయలుదేరదు.