రిజిస్టర్లలో లేని పేర్లు

 

హిందూ మహాసముద్రం నడుమ, పన్నెండున్నర లక్షల మంది ఉన్న ఈ మారిషస్‌లో ఒక స్నాతకోత్సవ ప్రసంగం తెలుగులో సాగుతోందంటే అది ఊరికే వచ్చింది కాదు. కోరంగి రేవులో ఓడ ఎక్కిన మన ముత్తాతలు పగలంతా చెరుకు నరికి, రాత్రిళ్లు దీపస్తంభం చుట్టూ రామభజనం చేశారు. సింహాద్రి అప్పన్నను మరవలేదు, అమ్మోరి పండగ మానలేదు. తర్వాతి తరం ఆంధ్ర మహాసభ పెట్టి ఊరూరా తిరిగింది. బళ్లో తెలుగు కావాలంది, ఉగాదికి సెలవు కావాలంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ గడ్డ మీదే జరిగాయి. జనాభాలో నూటికి ముగ్గురికి మించని వాళ్లం మనం. మేమూ ఉన్నామని గొంతెత్తి అడిగి మరీ ఇవన్నీ సాధించుకున్నాం.

నేనూ ఈ దీవిలో పుట్టి, ఆ సాధన ఫలం తిన్నదాన్నే. అందుకే చెబుతున్నాను. అలా అడిగి తెచ్చుకున్న వాళ్లకు, అడగడానికి ఆధారం కూడా మిగలని వాళ్ల పట్ల ఒక బాధ్యత ఉంది. బానిసల సంతతి అయిన మన క్రియోల్ ఇరుగుపొరుగు గురించి మాట్లాడుతున్నాను.

మోకా ఊళ్లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు భద్రపరిచిన పాత వలస రిజిస్టర్లు మీలో కొందరు చూసే ఉంటారు. ఒక్కో కూలీకి ఒక్కో నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తు, జిల్లా, ఊరు. కొన్నేళ్ల తర్వాత ఫొటోలు కూడా తీశారు. మన మీద ప్రేమ కొద్దీ రాసుకున్న వివరాలు కావవి. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నారు. అయినా ఈ రోజు అవే మనకు ఆస్తి. వాటిలో వెతికి, విశాఖ పక్కనో గోదావరి పక్కనో ఉన్న తమ ఊరి పేరు పట్టుకుని, అక్కడికి వెళ్లి మట్టి తెచ్చుకున్న వాళ్లను నేనెరుగుదును.

ఒక క్రియోల్ కుర్రాడు అలాగే వెతకబోతే ఏం దొరుకుతుంది? మొజాంబిక్ నుంచో, మడగాస్కర్ నుంచో తెచ్చిన మనిషికి యజమాని నోటికొచ్చిన పేరు పెట్టాడు. కొందరికి నెల పేరు, కొందరికి వారం పేరు. తండ్రి పేరు ఉండదు, ఊరు ఉండదు. తోట ఆస్తుల జాబితాలో గొడ్డలి, గాడిద తర్వాత ఒక ఆడమనిషి. బానిసల్ని భారతదేశం నుంచి కూడా తెచ్చారు, కోరమాండల్ తీరం నుంచి కూడా. కాబట్టి ఆ నెలల పేర్ల వెనక మన తీరపు మనిషి ఎవరైనా దాగి ఉన్నారేమో, ఏ రిజిస్టరూ చెప్పలేదు.

1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. నష్టపరిహారంగా ఇరవై లక్షల పౌండ్లకు పైగా ఇచ్చారు, అదీ యజమానులకు. విడుదలైన వాళ్ల చేతిలో ఒక్క పైసా పెట్టలేదు. పైపెచ్చు 1839 దాకా ‘అప్రెంటిస్’లన్న పేరుతో పాత యజమాని దగ్గరే పని చేయించారు. ఆ కట్టు కూడా తెగాక వాళ్లు తోటల వైపు తిరిగి చూడలేదు. తోటలకు మనుషులు కావాలి. యజమానులు దీన్ని ముందే ఊహించారు కాబట్టే 1834 నవంబరు 2న అట్లాస్ ఓడలో మొదటి ముప్పై ఆరు మంది కూలీలు దిగారు. 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది వచ్చారు. బానిసలు ఖాళీ చేసిన గుడిసెల వరసల్లోనే చాలాచోట్ల మనవాళ్లను పెట్టారు. అంటే వాళ్ల విడుదలే మన రాకకు కారణం. ఈ రెండు కథల్నీ వేరువేరు పాఠాలుగా చదువుకున్న తరం మాది. పోర్ట్ లూయీలో మన కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ మెట్లు దిగి వచ్చి పక్కకు తిరిగితే పాత సైనిక ఆసుపత్రి. దాన్ని 2023లో బానిసత్వ మ్యూజియంగా తెరిచారు. రెండింటికీ మధ్య దూరం నాలుగడుగులు. మన పిల్లల్ని బస్సుల్లో ఘాట్‌కి తీసుకెళ్తున్నాం, ఆ నాలుగడుగులు మాత్రం వేయించడం లేదు.

ఇక పెళ్లిళ్లలో, పేరంటాల్లో వినిపించే మాట ఒకటుంది. మీరూ విన్నారు. “వాళ్లు దాచుకోరు, వచ్చింది వచ్చినట్టే తినేస్తారు, అందుకే అలా ఉండిపోయారు. మనవాళ్లు కడుపు కట్టుకుని పైకొచ్చారు.” మనవాళ్లు కడుపు కట్టుకున్న మాట నిజం. నేనది తక్కువ చేయను. కానీ మిగతా సగం కూడా చెప్పుకోవాలి. 1880ల నుంచి చక్కెర ధరలు పడిపోయి తోటల యజమానులు పొలాల్ని ముక్కలు చేసి అమ్మకానికి పెట్టారు. అప్పుడు తోటల అంచునే ఉండి, కూలి డబ్బు నాలుగు రాళ్లు వెనకేసుకున్న మనవాళ్లు ఆ ముక్కలు కొన్నారు. క్రియోల్‌లు అప్పటికే సముద్రం ఒడ్డుకు, రేవు పనులకు వెళ్లిపోయారు. భూమి అమ్మకానికి వచ్చిన వేళ వాళ్లు అక్కడ లేరు, ఎందుకు లేరో ఇందాకే చెప్పాను. ఆ అర ఎకరం మీద ఇల్లు, ఆ ఇంటి మీద చదువు, ఆ చదువు మీద ఉద్యోగం. గుణాన్ని బట్టి వచ్చిన తేడా కాదిది. పెళ్లి పందిట్లో ఆ మాట మళ్లీ వినబడితే, పెద్దవాళ్లని చూడకుండా, మర్యాదగానే, ఈ సంగతి చెప్పండి. చదువుకున్నందుకు చేయాల్సిన మొదటి పని అదే.

మనకోసం వాళ్లు నిలబడిన రోజులూ ఉన్నాయి. 1936లో లేబర్ పార్టీ పెట్టిన డాక్టర్ మారిస్ క్యూరే క్రియోల్. ఆ పార్టీ మొదట చేతపట్టింది తోట కూలీల గోడు, అంటే ఎక్కువగా మన గోడు. కూలీలను కూడగట్టినందుకు అదే పార్టీ నాయకుడు ఎమ్మాన్యుయేల్ ఆంకెతిల్‌ను 1938లో రోడ్రిగ్స్ దీవికి పంపేశారు. ఏ జాతి వాడి కోసం పోరాడుతున్నానని ఆయన లెక్కచూసుకుని ఉంటే మనకు సంఘాలు మరింత ఆలస్యంగా వచ్చేవి.

చేదు సంగతులు దాటేస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు. 1968 జనవరిలో, స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు, పోర్ట్ లూయీలో క్రియోల్‌లు, ముస్లింలు కొట్టుకున్నారు. బ్రిటిష్ సైన్యం దిగాల్సి వచ్చింది. తరాలుగా ఒకే వీధిలో ఉన్న కుటుంబాలు సామాన్లు కట్టుకుని ‘తమ వాళ్ల’ పేటలకు పోయాయి. 1999లో, మీరు పుట్టకముందు, సెగ్గే పాడే క్రియోల్ గాయకుడు కాయా పోలీసు కస్టడీలో చనిపోయాడు. ఆ కోపం మొదట పోలీసుల మీదే. రెండు మూడు రోజుల్లో కొన్నిచోట్ల అది క్రియోల్, హిందూ గొడవగా మారి ఇళ్లు తగలబడ్డాయి. అదే ఏడాది ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర మొదలైన అల్లరి పోర్ట్ లూయీలోని లామికాల్ జూదశాలలో నిప్పై ఏడుగురిని బలి తీసుకుంది. అప్పటిదాకా మన ఫుట్‌బాల్ క్లబ్బులు మతాన్ని బట్టి, జాతిని బట్టి ఉండేవి. ఆ తర్వాతే ప్రాంతాల వారీగా మార్చారు. క్రియోల్ సమాజం లోపల ముదురుతున్న బాధ గురించి ఫాదర్ రోజర్ సెర్వో 1993లోనే బహిరంగంగా మాట్లాడారు. ఆరేళ్లు వినే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఎన్నికల సంగతి మీకు తెలిసిందే. మన పార్లమెంటుకు 62 మందిని ఎన్నుకుంటాం. ఆ పైన ఎనిమిది సీట్ల దాకా, తక్కువ ప్రాతినిధ్యం దక్కిన వర్గాల నుంచి ఓడిన వాళ్లకు ఇస్తారు. రాజ్యాంగం దృష్టిలో వర్గాలు నాలుగు: హిందూ, ముస్లిం, చైనీస్, ‘జనరల్ పాపులేషన్’. మొదటి మూడింటిలో ఎవరు చేరరో వాళ్లంతా నాలుగోది. క్రియోల్ జాలరి, చక్కెర మిల్లు తెల్ల యజమాని ఒకే గడిలో. మనుషుల్ని ‘వీళ్లు కానివాళ్లు’గా లెక్కపెట్టే పద్ధతి అది. అదైనా 1972 జనగణన ఆధారంగా. ఆ తర్వాత వర్గాల లెక్క తీయలేదు. తమ వర్గం చెప్పబోమని పట్టుబట్టిన కొందరు అభ్యర్థుల నామినేషన్లు చెల్లకపోతే, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో అది వాళ్ల హక్కుకు భంగమని తేల్చింది. 1968లో చిన్న వర్గాలకున్న భయం నిజమైనదే. దాన్ని నేను కొట్టిపారేయను. చిన్నవాళ్లకు ధైర్యమిచ్చే మరో ఏర్పాటు చేసి, ఈ గడులు చెరిపేయాలన్నది నా అభిప్రాయం. ఆ పని మా తరం చేయలేకపోయింది.

చాగోస్ దీవుల క్రియోల్ జనాన్ని కూడా తలుచుకోవాలి. స్వాతంత్ర్యం ఇచ్చే ముందు, 1965లో, బ్రిటన్ ఆ దీవుల్ని మన నుంచి విడదీసింది. మూడు మిలియన్ల పౌండ్లు ఇచ్చింది. డీగో గార్సియాలో అమెరికా స్థావరం కోసం 1973కల్లా అక్కడి జనాన్ని మొత్తం ఖాళీ చేయించారు. పోర్ట్ లూయీ రేవులో దిగిన వాళ్లకు ఇక్కడ ఇళ్లు లేవు, పని లేదు. మన జెండా ఎగరడానికి వాళ్ల ఊళ్లు వెలగా పోయాయి.

2020 ఆగస్టులో మాయెబూర్ ఒడ్డున చూసింది చెబుతాను. దిబ్బెక్కిన వాకాషియో ఓడ నుంచి నల్లటి నూనె మడుగుల్లోకి పాకింది. ప్రభుత్వం కదిలేలోపే జనం కదిలారు. చెరుకు ఆకు లారీల్లో వచ్చింది. పరదా గుడ్డలు పొడవాటి సంచుల్లా కుట్టి, ఆకు కూరి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టారు. ఒక ముస్లిం దర్జీ తన మిషన్ మోసుకొచ్చి ఒడ్డునే పెట్టాడు. ఒక క్రియోల్ జాలరి మా ఆడవాళ్లకు ముడి ఎలా వేయాలో చేయి పట్టి చూపించాడు, కెరటానికి విడిపోని ముడి. చేతులన్నీ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆ పది రోజులూ ఎవరూ ఎవర్నీ నీది ఏ జాతని అడగలేదు. తర్వాత ఎవరి పేటకు వాళ్లం వెళ్లిపోయాం. ఆపద వస్తే కలుస్తామని మనకు తెలుసు. ఆపద లేని మంగళవారం నాడు కలవడమే మనకు రాదు.

మీలో చాలామంది బడి పంతుళ్లవుతారు. భాషల పీరియడ్ గంట కొట్టగానే ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముప్పై మంది పిల్లలున్న తరగతి విడిపోతుంది. హిందీకి కొందరు, ఉర్దూకి కొందరు, తమిళానికి, మరాఠీకి, తెలుగుకి. దశాబ్దాల పాటు క్రియోల్ పిల్లలకు మాత్రం వెళ్లడానికంటూ ఒక గది లేదు. దేశంలో ఎక్కువ ఇళ్లలో మాట్లాడే భాష వాళ్లది, బళ్లో మాత్రం దానికి చోటు దక్కలేదు. 2012లో మోరిసియన్ క్రియోల్‌ను ప్రాథమిక బడుల్లో ఐచ్ఛిక పాఠంగా పెట్టారు. అప్పుడు మన సంఘాల్లో కొందరు గొణిగారు, పిల్లలు తగ్గిపోతారని. పక్క గది తెరుచుకుంటే మన గది మూతపడదు. మీ బళ్లో క్రియోల్ పంతులుకు గది చాలకపోతే, గంటలు చాలకపోతే, వినతిపత్రం మీద మొదటి సంతకం తెలుగు పంతులుదై ఉండాలి.

మరో రెండు కోరికలు. ఏటా నవంబరు 2న మనం ఘాట్‌కి వెళ్తాం. ఈసారి మీ క్రియోల్ మిత్రుల్ని ఇంట్లోవాళ్లతో సహా వెంటబెట్టుకు వెళ్లండి. తర్వాత ఆ పక్క మ్యూజియంలోకి అందరూ కలిసి నడవండి. ఫిబ్రవరి 1న లె మోర్న్ కొండ కింద సభ జరుగుతుంది. పారిపోయిన బానిసలు తలదాచుకున్న కొండ అది. ఆ రోజును సెలవు దినంగా పడుకుని గడపకండి. బస్సులో వెళ్లొచ్చు. వెనక వరసలో నిలబడి వినండి. ప్రసంగం ఇమ్మని ఎవరూ అడగరు, అడిగినా ఒప్పుకోకండి. సభ అయ్యాక ఎవరో ఒకరు ఎక్కడి నుంచి వచ్చారని పలకరిస్తారు. కూర్చుని మాట్లాడి రండి.