వ్యాసము వెనుక అంగడి

(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సంగీతమునకును నాటకమునకును నడుమ ఈ అంగడి ప్రసంగమేమని కొందరనుకొనవచ్చును. కాని ఈనాడు మన యిండ్ల తలుపు తట్టువారిలో చుట్టములకన్న పార్సెళ్ళు తెచ్చువారే ఎక్కువ. గద్వాల చీర, గుంటూరు మిరపకాయలు, ఆత్రేయపురము పూతరేకులు ఒకనాడు సెలవులకు ఊరు వెళ్ళి వచ్చువారి పెట్టెలలో ఢిల్లీ చేరెడివి. ఇప్పుడు ఫోనుపై వ్రేలు ఆనించినచో నాలుగు దినములలో ఇంటికి వచ్చుచున్నవి. ఇది మేలే. అయితే మనలను ఆ అంగడికి తీసికొనిపోవు దారి ఎట్టిదో కొంత తెలిసికొనవలసియున్నది. ఆ దారి చాల తడవలు ఒక వ్యాసరూపమున ఉండును.

దూరపు సరకు తెప్పించుకొనుట మనకు క్రొత్త కాదు. తపాలాశాఖవారు వి.పి.పి. పద్ధతిని 1877లోనే ప్రారంభించిరి. పత్రికలో ప్రకటన చూచి, కార్డు వ్రాసి, పోస్టుమాను చేతిలో రొక్కము పెట్టి, ఆ పిమ్మట పొట్లము విప్పుకొన్నవారు మన తాతలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము ప్రారంభించి, 1908లో అక్కడినుండియే ఆంధ్రపత్రికను వెలువరించిరి. మందు అమ్మినవారును పత్రిక నడపినవారును ఒక్కరే. అయినను ప్రకటన వేరు, సంపాదకీయము వేరు అని చదువరి కంటికి కనబడుచుండెడిది. మన సమాజము ఏటేట వెలువరించు సంచికను చూడుడు. చివరి పుటలలోని ప్రకటనల సొమ్ముతోనే అది అచ్చగుచున్నది. ఆ సంగతి అందరికిని తెలియును. అందులో దాపరికము లేదు.

ఇంటర్నెట్టులో ఈ సరిహద్దు గీత చెరిగిపోయినది. ఎట్లు చెరిగినదో చెప్పెదను. 1998లో గూగుల్‌ను స్థాపించిన ఇద్దరు విద్యార్థులు ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. ఒక పుటకు ఇతర పుటలనుండి వచ్చిన లింకులను ఓట్లవలె లెక్కించి, ఎక్కువ బరువు గల పుటను ముందు చూపుటయే ఆ ఉపాయము. పెద్దమనుష్యుల సిఫారసువంటిది, సిఫారసు చేయువాని గౌరవమును బట్టి దాని విలువ. కాని ఓటు ఉన్నచోట దొంగ ఓటును పుట్టును. వర్తకులు వ్యాసములు వ్రాయించి, ఉచితముగ ప్రకటించుకొనుడని వందల సైటులకు పంపి, అడుగున ‘రచయిత పరిచయము’ అను పేర తమ అంగడికి లింకు పెట్టుకొనిరి. ఒకే వ్యాసమును నాలుగు మాటలు మార్చి నలుబది చోట్ల ప్రకటించిరి. అది చదువరి కొరకు వ్రాసినది కాదు, లెక్కపెట్టు యంత్రము కొరకు వ్రాసినది. 2011 ఫిబ్రవరిలో గూగుల్‌వారు ‘పాండా’ అను పేర తమ లెక్కను సవరించి, ఇట్టి పసలేని పుటలను వెనుకకు నెట్టిరి. వ్యాపారము పోలేదు, వేషము మార్చినది. ఇప్పుడది ‘పది ఉత్తమ చీరల దుకాణములు’ అనియు, ‘నేను వాడి చూచితిని’ అనియు మన యెదుటికి వచ్చుచున్నది. దానిని వ్రాయుటకు మనిషియైనను అక్కరలేని కాలము వచ్చినది.

ఇక్కడ సచివాలయ ఉద్యోగులమైన మన విషయమొకటి చెప్పవలెను. ఆఫీసులో సంతకము, తేది లేని నోటు ఫైలులో చేరినచో మనము దానిపై ఒక్క రూపాయి మంజూరు చేయము. వ్రాసినవారెవరు, ఏ హోదాలో వ్రాసిరి అని అడుగుదుము. ఇంటికి వచ్చిన పిమ్మట, ఊరు పేరు లేనివాడు వ్రాసిన వ్యాసమును నమ్మి పదివేలు చెల్లించుచున్నాము. అచ్చక్షరముపై మనకున్న గౌరవము అట్టిది. వర్తకుడు ఎరువు తెచ్చుకొనుచున్నది ఆ గౌరవమునే.

మన కాలనీలో జరిగిన ఒక సంగతి, ఆ యమ్మగారి అనుమతితోనే, పేరు లేకుండ చెప్పుచున్నాను. ఆమె భర్త సెక్షన్ ఆఫీసరుగా పనిచేసి విరమించినవారు. కుమార్తె వివాహమునకు పెట్టుబడి చీరలు ఆరు కావలసియుండెను. గద్వాల చీరలనుగూర్చి చక్కని తెలుగులో వ్రాసిన వ్యాసమొకటి ఆమె ఫోనులో చదివెను. అందు సూచించిన సైటులో చీరలు ఎన్నుకొని 18 వేల రూపాయలు చెల్లించెను. పదునైదు దినములైనను చీరలు రాలేదు. ఆ అంగడి ఫోను నంబరు కొరకు ఇంటర్నెట్టులో వెదకగ ఒక నంబరు దొరికెను. అవతలి మనిషి ‘అమ్మా’ అని మర్యాదగ మాటలాడి, సొమ్ము తిరిగి పంపుదుమనియు, అందుకై యు.పి.ఐ. పిన్ను నొక్కవలెననియు చెప్పెను. ఆమె నొక్కెను. మరి 22 వేలు పోయెను.

యు.పి.ఐ.లో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. పిన్ను నొక్కుట యన్నది సొమ్ము ఇచ్చుటకే. ఈ ఒక్క మాట పిల్లలు పెద్దలకు పదిమార్లు చెప్పవలెను. కాని నా మనస్సున నాటినది అది కాదు. ఆమె తొమ్మిది దినములు ఈ సంగతి ఎవరికిని చెప్పలేదు. ‘ఇంత చదివినదానవు, ఆ మాత్రము తెలియదా’ అను మాట వినవలసి వచ్చునని భయము. తొమ్మిది దినముల తరువాత 1930 నంబరుకు ఫోను చేయునప్పటికి సొమ్ము అనేక ఖాతాలు దాటిపోయియుండెను. ఆ నంబరువారు బ్యాంకులకు తెలిపి సొమ్మును నడుమ నిలుపగలుగుట మొదటి గంటలలోనే ఎక్కువగ సాధ్యము. రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తరువులో మూడు పనిదినముల లెక్క ఉన్నది. అయితే అది ఖాతాదారుని దోషము గాని బ్యాంకు దోషము గాని లేని నష్టమునకు. పిన్ను మనమే నొక్కినచో, తెలిపినంతవరకు జరిగిన నష్టము మనదే. కావున తెలుపుటలో జాప్యమే ఖరీదైనది. ఆ వివాహమున ఆరింటికి బదులు రెండు చీరలే పెట్టిరి. ఇక్కడ కూర్చున్న భర్తలను, ఉద్యోగస్థులైన కుమారులను అడుగుచున్నాను: మీ యింట ఇట్టిది జరిగినచో మొదట మీతో చెప్పగల ధైర్యము మీ వారికి ఉన్నదా?

వ్యాసముద్వారా అంగడిని ప్రచారము చేయుట తప్పని నేననను. మంచి వ్యాసము వర్తకునికిని కొనువానికిని మేలే. పోచంపల్లి చీరనుగూర్చి ఎరిగినవాడు ఏమి వ్రాయును? నూలును మగ్గమునకు ఎక్కింపక మునుపే చిటికి కట్టి రంగులో ముంచుదురు. అందుచేత నమూనా బట్టకు రెండువైపుల ఒకే తీరున కనబడును, దాని అంచులు కొంచెము అలికినట్లుండును. అచ్చువేసిన నకలు బట్టను తిరుగవేసినచో వెనుక వెలవెలబోవును అని వ్రాయును. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఆ రెండింటిని మగ్గము మీదనే కలుపుదురు, కలిపినచోట వ్రేలితో తడిమి చూడుడు అని వ్రాయును. ఈ మాటలు తెలిసినవాడు ఆ దుకాణమున కొనక వేరొక చోట కొన్నను మోసపోడు. నేను పెట్టుకొన్న పరీక్ష ఇదియే. వ్యాసమునుండి దుకాణము పేరు తీసివేసి చదువుదును. ఏమైన మిగిలినచో రచయితను నమ్ముదును. ‘అద్భుతము, అపూర్వము, నేడే కొనుడు’ తప్ప మిగులనిచో ఫోను ప్రక్కన పెట్టుదును.

చట్టమును గురించి రెండు మాటలు చాలును. 2020 జూలైలో ప్రకటింపబడిన ఇ-కామర్సు నియమముల ప్రకారము అంగడివారు తమ చట్టబద్ధమైన పేరును, చిరునామాను, ఫిర్యాదుల అధికారి వివరములను చూపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. అమ్మువాడు తానే కొనువాని వేషమున మెప్పుమాటలు వ్రాసికొనరాదు. చిరునామా లేని సైటులో ఎంత చౌకయైనను కొనకుడు. ‘హెచ్.టి.టి.పి.ఎస్.’ అని ఉన్నది గదా అని కొందరందురు. మీరు పంపునది దారిలో ఎవరును చదువజాలరని మాత్రమే దాని యర్థము. పుచ్చుకొనువాడు నిజాయితీపరుడని కాదు. పచ్చళ్ళు కొనునప్పుడు 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు చూడుడు. అంగడివారి ఫోను నంబరును వెదకి పట్టుకొనక వారి సైటునుండియే తీసికొనుడు. తెలియని అంగడియైనచో సరకు చేరిన పిమ్మట చెల్లించుట కొంత మేలే గాని, పొట్లము విప్పక మునుపే సొమ్ము అడుగుదురు గనుక వి.పి.పి.నాటి చిక్కు దీనియందును ఉన్నది. 2019 చట్టము చేసిన గొప్ప యుపకారమొకటి కలదు: అమ్మినవాడు హైదరాబాదులో ఉన్నను మనము నివసించు ఢిల్లీలోనే జిల్లా వినియోగదారుల కమిషనులో దావా వేయవచ్చును. దానికి ముందు 1915 నంబరుకు ఫోను చేసి చూడుడు. చిన్న తగవులు కొన్ని అక్కడనే తీరుచున్నవి.

మన పిల్లలలో కొందరు ఇట్టి వ్యాసములు వ్రాసి చేతి ఖర్చులకు సంపాదించుకొనుచున్నారని విన్నాను. వ్రాయనిండు, తెలుగులో వ్రాయువారు మనకు కావలెను. ప్రతిఫలము పుచ్చుకొని ఒక సరకును మెచ్చుకొన్నచో ఆ సంబంధమును చదువరికి తెలుపవలెనని 2022 జూన్‌లో వెలువడిన ప్రకటనల మార్గదర్శకములు చెప్పుచున్నవి. ‘ఈ దుకాణమువారు నాకు సొమ్మిచ్చిరి’ అని మొదటి పంక్తిలో వ్రాసినంతమాత్రాన వ్యాసము చెడదు.

చివరగ ఒక మనవి. మన సభ్యులలో చేనేత కుటుంబములనుండి వచ్చినవారున్నారు. వారి ఊరి సంఘములకు నేత వచ్చును, వ్రాత రాదు. పూర్వపక్షమును, సమాధానమును వ్రాసి వ్రాసి చేయి తిరిగినవారము మనము. ఈ సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వారికొక పుట వ్రాసి యిండు. ఒక చీర మగ్గముపై ఎన్ని దినములుండును, నూలెక్కడిది, రంగేది, ఆ ధర ఎందుకైనది, తిరిగి పంపవలసినచో ఏ చిరునామాకు పంపవలెను—ఇవి వ్రాయుడు. క్రింద మీ పేరు పెట్టి, ఆ నేతగాడు మీకేమగునో కూడ వ్రాయుడు.

సెలవు.