గవిని దగ్గర కూర్చున్న తండ్రి
(రేడియో ప్రసంగ పాఠం. ధ్యాన భాగం: 2 సమూయేలు 18వ అధ్యాయం)

ప్రియులారా, ఈ దినం ఒక బాలుని జ్ఞాపకం చేసుకుందాము. అతడు మన జిల్లావాడు కాడు, మన సంఘస్థుడూ కాడు. అయినా అతని మరణవార్త విన్నప్పుడు మన నోట ఏ మాట వచ్చింది అన్నది మన విశ్వాసానికి సంబంధించిన సంగతి.

శ్రేయస్ హరీష్‌ది బెంగళూరు. 2010 జూలై 26న పుట్టాడు. చిన్ననాటి నుండే మోటారు సైకిలు పందెములలో పేరు తెచ్చుకున్నాడు. పిల్లలకు జరిగే మినీ జీపీ పోటీలలో గెలిచి, స్పెయిన్ దేశం వరకు వెళ్లి మన దేశం తరఫున పరుగు తీశాడు. 2023 ఆగస్టు 5, శనివారం. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో జాతీయ చాంపియన్‌షిప్ మూడవ రౌండు. ఆ ఉదయం క్వాలిఫయింగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. పందెం మొదలైన కొద్దిసేపటికే, మొదటి మలుపు దాటుతూ పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయం. వెంటనే పందెం ఆపారు, అంబులెన్సు అక్కడే ఉంది, ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కలేదు. పదమూడేళ్లు నిండి పది దినాలే అయింది. తండ్రి ఆ దినం అతనితోనే వచ్చి ఉన్నాడు. మిగిలిన పోటీలన్నీ రద్దు చేశారు.

ఈ వార్త విన్నవారిలో కొందరు, "ఆ వయసు పిల్లవాణ్ణి అక్కడికి పంపిన తల్లిదండ్రులను అనాలి" అన్నారు. కొందరు భక్తిపరులు ఇంకొక అడుగు ముందుకు వేసి, "లోక సంబంధమైన ఆటలకు ఫలితం ఇదే" అన్నారు.

ప్రియులారా, సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చినప్పుడు కూడా యెరూషలేములో ఇట్లాంటి మాటలే నడిచాయి. లూకా 13వ అధ్యాయం చదవండి. చనిపోయినవారు మిగతావారికంటె ఎక్కువ పాపులు అనే లెక్కను ప్రభువు ఒప్పుకోలేదు. లెక్క వేసేవారి వైపు తిరిగి, మీ సంగతి మీరు చూసుకొని మారుమనస్సు పొందండి అన్నాడు. ఆ మాట చచ్చినవారికి కాదు, బ్రతికి ఉండి మాట్లాడుతున్నవారికి.

దేవరకొండ వైపు ఒక ఊరిలో ఒక తల్లి ఉన్నది. కొడుకు స్నేహితులతో పందెం కట్టి, రాత్రిపూట బండి నడుపుతూ కల్వర్టుకు గుద్దుకొని పోయాడు. మూడవ దినం ఆదరణ కూడికకు వచ్చిన విశ్వాసులు ఆమెను అడిగిన ప్రశ్నలు ఇవి: తాగి ఉన్నాడా? బాప్తిస్మం అయిందా? బండి ఎవరు కొనిచ్చారు? ఆమె ఒక్కదానికీ జవాబియ్యలేదు. ఆ తరువాత మందిరానికి రావడమే మానింది. "అయ్యగారూ, వాడు చిన్నప్పుడు ఎట్లుండెనో ఒక్కరూ అడగలే" అని నాతో చెప్పింది. ఇంకొక మాట చెప్పలేదు.

ఇప్పుడు దావీదును చూడండి. అబ్షాలోము మంచి కుమారుడు కాడు. తండ్రి మీద కత్తి దూశాడు. ఆ యుద్ధంలో ఇరువది వేలమంది కూలారు. కంచర గాడిద మీద వేగంగా పోతూ ఉండగా తల మస్తకి వృక్షపు కొమ్మలలో చిక్కుకుంది, ఎక్కిన జంతువు క్రిందనుండి వెళ్లిపోయింది. దావీదు రెండు గుమ్మముల మధ్య, గవిని దగ్గర కూర్చొని ఉన్నాడు. కావలివాడు మిద్దె మీదనుండి, ఒకడు పరుగెత్తి వస్తున్నాడు అన్నాడు. అహిమయస్సు వచ్చి జయం అని చెప్పాడు. రాజు జయాన్ని గూర్చి అడగలేదు. కూషీయుడు వచ్చాడు. మళ్లీ అదే ప్రశ్న, బాలుడు బాగున్నాడా అని. తిరుగుబాటుదారుడు ఎక్కడ అని రాజు అడగలేదని గమనించండి. సంగతి తెలిసిన తరువాత గుమ్మము పైగదికి ఎక్కిపోతూ కొడుకు పేరు మాటిమాటికీ పిలుస్తూ ఏడ్చాడు. ఎవరి తప్పు అనే విచారణ ఆ గదిలో లేదు. యోవాబు తరువాత వచ్చి గద్దించాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు గాని, దుఃఖపడేవాని ప్రక్కన యోవాబు కూర్చోలేదు.

అయితే జాగ్రత్త అక్కరలేదా? తప్పక కావాలి. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో, ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు, ఎవరైనా పడి చస్తే రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది గనుక. హెల్మెట్టు మన కాలపు పిట్టగోడ. పందెపు ట్రాక్ మీద హెల్మెట్టు ఉంది, తోలు దుస్తులున్నాయి, ఎదురు బండి లేదు, అంబులెన్సు సిద్ధంగా ఉంది. అయినా ఒక బాలుడు పోయాడు. చౌటుప్పల్ నుండి సూర్యాపేట దాకా, షాద్‌నగర్ నుండి జడ్చర్ల దాకా హైవే మీద మన పిల్లలకు ఇందులో ఏమున్నాయి? లైసెన్సు లేని పిల్లవాడు బండి నడిపి తప్పు చేస్తే తండ్రికి మూడేళ్ల జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019 నుండి చట్టమున్నది. ఆదివారం ఒకే బండి మీద ముగ్గురు కుర్రవాళ్లు మందిరానికి వస్తుంటే, ఆరాధనకు వచ్చారు గదా అని పెద్దలు సంతోషిస్తారు! పిట్టగోడ కట్టే సమయం అది. సమాధి దగ్గర నిలబడి కట్టేది కాదు.

శ్రేయస్ అదే నెలలో మలేషియాలోని సెపాంగ్‌లో పోటీ చేయవలసి ఉన్నది. ఆ ట్రాక్ మీదనే 2011 అక్టోబరు 23న ఇటలీ దేశపు మార్కో సిమోన్‌చెల్లి తన ఇరువది నాలుగవ ఏట మరణించాడు. పడిపోయిన అతనిని వెనుక వస్తున్న ఇద్దరు తప్పించలేకపోయారు. వారిలో ఒకడు అతని ప్రియ స్నేహితుడు వాలెంటీనో రోస్సీ. రెండు వారాల తరువాత వాలెన్సియాలో అతని జ్ఞాపకార్థం మౌనం పాటించలేదు. అతడు సందడి మనిషి గనుక ఇంజన్ల మోతతో, టపాకాయలతో జ్ఞాపకం చేసుకున్నారు. అతని తండ్రి తరువాత ఒక జట్టు పెట్టి ఇతరుల బిడ్డలకు పందెం నేర్పించాడు. ఇది సరియేనా అని మీరు అడగవచ్చును. నాకైతే ఆ తండ్రి ఆ పిల్లలందరిలో తన కొడుకును చూసుకుంటున్నట్టు తోస్తుంది.

మీ సంఘంలో బండి ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు ఉండే ఉంటుంది. ఏడాది దాటితే ఎవరూ ఆ గడప తొక్కరు. ఈ వారం వెళ్లండి. బైబిలు వెంటనే తెరవవద్దు. ఆ బిడ్డ పేరు పెట్టి పిలిచి, వాడు చిన్నప్పుడు ఎట్లుండేవాడో చెప్పమ్మా అని అడగండి. ఆమె చెప్పినంతసేపు కూర్చోండి.