బిందె మీద పేరు

(జంషెడ్‌పూర్‌లో మాజీ సైనికుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వంశవృక్షం గురించి మాట్లాడమన్నారు. ఏడు తరాల మగవాళ్ల పేర్లు గడగడా అప్పజెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. కనుక నేను మిగతా సగం గురించే మాట్లాడతాను.

సైన్యంలో చేరినప్పుడు కిండ్రెడ్ రోల్ నింపాం గదా! అమ్మ పేరు, పెళ్లయ్యాక భార్య పేరు అందులో ఎక్కాయి. అక్కడ లోటు లేదు. నాకు చిక్కు వచ్చింది గయలో. నాన్నగారు పోయాక పిండప్రదానానికి ఇక్కణ్ణుంచే వెళ్లాం. తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాను. అమ్మ పేరు, నాయనమ్మ పేరు చెప్పాను. "తాతమ్మగారి పేరు?" అన్నారు పురోహితులు. నాకు రాలేదు. పక్కనున్న చిన్నాన్నకీ రాలేదు. తల్లి కోసం విడిగా 16 పిండాలు పెట్టే మాతృషోడశి జరిగే క్షేత్రంలో, మా తాతమ్మకి పేరు లేకుండానే పిండం పెట్టాను.

పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు చూడండి, మునిమనవరాలు, మనవరాలు, కుమార్తె అంటూ మూడు తరాలు చదువుతారు. పెళ్లికూతురు తప్ప ఒక్క ఆడపేరు వినపడదు. 1951-52 తొలి సాధారణ ఎన్నికలప్పుడు దాదాపు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను, ఫలానా వారి కూతుర్ని అన్నారు. జాబితాలోంచి తీసేశారు. బీహార్, రాజస్థాన్ వంటి చోట్ల ఇది ఎక్కువ. అప్పుడు మన ఊరు బీహారే. మా నాయనమ్మ ఏం చెప్పిందో మరి!

మా తాతగారు సాక్చి పేరు జంషెడ్‌పూర్‌గా మారిన (1919) కొన్నేళ్లకు అప్పటి విశాఖ జిల్లా నుంచి టాటా వారి పనిలోకి వచ్చారు. నాయనమ్మ వెంట ఒక ఇత్తడి బిందె వచ్చింది. అది తాతమ్మ సారె బిందె. గయ నుంచి రాగానే అటక మీంచి దించాను. అంచు కింద చుక్కలతో కొట్టిన పేరు ఉంది. చివర "మ్మ" ఒక్కటే మిగిలింది. ముందు అక్షరాలు ఎనభై ఏళ్ల తోముడుకి అరిగిపోయాయి.

ఇంకో ఆధారం దొరికింది. చిన్నప్పుడే పోయిన మా మేనత్తని ఇంట్లో అంతా "అమ్మడు" అనేవారట. ఎందుకంటే ఆ పిల్లకి తాతమ్మ పేరే పెట్టారు. అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు. అలా ఇద్దరి పేర్లూ ఒకేసారి పోయాయి.

మీరెవరైనా వెతకదలిస్తే నేను చూసినంతలో చెబుతాను. పసుపుకుంకుమ కింద ఆడపిల్లకి రాసిచ్చిన పొలం ఉంటే, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఊరు, సర్వే నంబరు ఇచ్చి వెతికించండి. దస్తావేజులో ఆమె పేరు ఉండి తీరాలి. రెండో ప్రపంచయుద్ధంలో మరణించిన మన జవాన్ల వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రిజిస్టర్లలో ఉన్నాయి. చాలాచోట్ల భార్య పేరు, ఊరి పేరు కూడా రాశారు. ఇంటికి వెళ్లి అటక మీది సామాన్లు కూడా ఒకసారి తిప్పి చూడండి.

మా తాతమ్మకి పుట్టింటివారు ఎకరం పొలం ఇచ్చారని చిన్నాన్న అంటున్నారు. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లి ఆ కాగితం వెతికిస్తాను. అంతదాకా ఆ బిందెని చింతపండు పెట్టి తోమొద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను.