గట్టిచెట్టుకు గొలుసు రంపము

గొలుసు రంపము కొనదలచి అంగడికి పోయిన గృహస్థు అడుగు మొదటి ప్రశ్న, "ఇది ఎన్ని సీసీలు?" అనునది. రెండవది, "ఎంతకిస్తారు?" అనునది. తాను కోయవలసిన చెట్టు ఏదో ఆయన చెప్పడు, అంగడివాడును అడుగడు. ఈ పూట మేము ఆ చెట్టునుండియే ఆరంభింపదలచినాము.

మన ఊళ్ళలో గట్టిచెట్టు అనగా చింత, నల్లతుమ్మ, వేప, మద్ది. అడవి ప్రాంతములవారు ఏగిసను, సండ్రను కూడ చేర్తురు. వీనిలో బయటి తెల్లచెక్క ఒక తీరు, లోపలి చేవ మరియొక తీరు. చింతచేవతో మనవారు రోకళ్ళు చేసిరి, గానుగలు చేసిరి, మాంసపు దుకాణములకు మొద్దులు చేసిరి. కత్తిదెబ్బలను ఏండ్ల తరబడి ఓర్చుకొను కఱ్ఱ రంపమునకు సులభముగా లొంగునా? పచ్చిగా ఉన్నపుడు కొంత నయము; ఎండినకొలది బిగిసిపోవును. బూరుగును, మునగను చకచక కోసి మెప్పు పొందిన యంత్రము చింతమొదలు దగ్గర ఊపిరాడక నిలిచిపోవుటలో వింత లేదు.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినది. ఆ తరువాత ఆ ప్రాంతమున ఏ వీథి చూచినను కూలిన చెట్లే. మా బంధువుల పెరటిలో ఒక పాత చింత పడినది. మొదలు రెండున్నర అడుగుల మందము. సాయమునకు పోయిన మేము పెద్దరికము చూపి పట్నమునుండి ఒక యంత్రమును తెప్పించితిమి. ధర చౌక, పెట్టెమీద అచ్చువేసిన అంకె పెద్దది, గొలుసు తిరుగు పలక, అనగా బార్, 22 అంగుళముల పొడవు. ఆ పొడవును చూచి మురిసినది మేమే.

కూలికి వచ్చినాయన పావుగంట బాగుగనే కోసెను. పిదప కోతనుండి పెళ్ళలు రాలుట మాని పిండివంటి పొట్టు రాలసాగినది. పొగయు వచ్చినది. ఆయన యంత్రముపై ఒరిగి తన బరువునంతయు మోపెను. అంతలో బార్ కొన చాటున ఉన్న ఒక కొమ్మను తాకినది. యంత్రము ఎగిరి వెనుకకు వచ్చినది. ఎడమ భుజము చీలినది. ఎముకకు తగులలేదు. ఆసుపత్రి వరండాలో ఆయన భార్య మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనినచో మాకు కొంత తేలికగా ఉండెడిది.

ఆనాటి మా తప్పులలో మొదటిది బార్ పొడవును శక్తి అనుకొనుట. బార్ ఎంత పొడవైన అన్ని ఎక్కువ పళ్ళు ఒక్కసారి చేవలో దిగును. వానినన్నిటిని లాగవలసినది ఇంజనే. బలము చాలని ఇంజనుకు పొడవు బార్ తగిలించుట దూడకు రెండెడ్ల బండి కట్టుటయే. అడుగు మందమునకు లోపలి గట్టికఱ్ఱకు 40 మొదలు 45 సీసీల ఇంజను, 16 అంగుళముల బార్ చాలును. అడుగున్నర వరకు 50, 55 సీసీలు, 18 అంగుళములు. అంతకు మించిన చింతకు, మద్దికి 60 మొదలు 70 సీసీలు కావలెను. అపుడును 20 అంగుళముల బార్ దాటవలసిన పని సాధారణముగా ఉండదు. మాను మందమైనచో ఇరువైపులనుండి కోయవచ్చును గదా.

అయితే సీసీ అనునది సిలిండరు కొలత మాత్రమే. పని చేయునది కిలోవాట్లు. 50 సీసీల మంచి యంత్రము సుమారు రెండున్నర కిలోవాట్లు, 70 సీసీలది నాలుగింటికి దగ్గరగా ఇచ్చును. పెట్టెమీద సీసీలు పెద్ద అక్షరములతో ఉండి కిలోవాట్ల మాటయే లేకున్నచో సందేహింపుడు. బరువును కూడ చేతితో ఎత్తి చూడవలెను. పెద్ద యంత్రము బార్ లేకుండగనే ఆరు కిలోలు దాటును. సాయంత్రమగుసరికి చేతులు వణకినచో దాని బలము ఎవరికి ప్రయోజనము? బ్యాటరీ రంపములు కొమ్మలకు చక్కగా పనికివచ్చును, చప్పుడు తక్కువ. దినమంతయు చింతమొదలు కోయువారికి మాత్రము నేటికిని పెట్రోలుదే నమ్మకము.

రెండవ తప్పు గొలుసును చూడకపోవుట. ఈ గొలుసుకు ఒక కథ కలదు. పూర్వపు గొలుసుల పళ్ళు కఱ్ఱను గీకునవే గాని చెక్కునవి కావు. 1946లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అను అడవి పనివాడు ఒక మొద్దులో పురుగును చూచెను. ఆ పురుగు పిల్ల తన దౌడలతో ఒకమారు ఎడమకు, ఒకమారు కుడికి కొఱుకుచు గట్టికఱ్ఱలో హాయిగా దారి చేసికొని పోవుచుండెను. ఆ నోటిని అనుకరించి ఆయన పళ్ళు తీర్చి, 1947లో ఆ గొలుసును అమ్మకమునకు పెట్టెను. నేటి గొలుసులన్నియు ఆ పురుగుకు ఋణపడినవే.

ఈ పళ్ళలో రెండు రకములు. మూల చతురముగా, వాడిగా ఉండునది ఒకటి. మూల కొంచెము గుండ్రనైనది రెండవది. మొదటిది శుభ్రమైన పచ్చికఱ్ఱను వేగముగా కోయును గాని త్వరగా మొద్దుబారును. రెండవది నిదానము, మన ఎండుచేవకు, దుమ్ము పట్టిన బెరడుకు అదియే తగినది. ఊరిచెట్టులో పాత మేకులును దాగియుండును, కరపత్రములు కొట్టినవి, తీగలు కట్టినవి. కోయుటకు ముందు బెరడును గొడ్డలితో చెక్కి చూచుట మంచిది.

పెళ్ళలు మాని పిండి రాలుట గొలుసు మొద్దుబారినదనుటకు గురుతు. అపుడు అదుమరాదు, ఆపి, గుండ్రని ఆకురాయితో ప్రతి పంటిని సమముగా రెండు మూడు మార్లు దువ్వవలెను. అంగుళములో మూడెనిమిదవ వంతు కొలత గొలుసునకు 5.5 మిల్లీమీటర్ల ఆకురాయి సాధారణముగా వాడుదురు. ప్రతి పంటి ముందర ఒక చిన్న బుడిపె ఉండును; పన్ను ఎంత లోతు దిగవలెనో నిర్ణయించునది అదియే. దానిని తొందరపడి మిక్కిలి అరగదీసినచో గట్టికఱ్ఱలో రంపము కుదుపును, ఎగురును.

ఎగురుట యన్నచో, బార్ కొన పైభాగమున నాలుగవ వంతు ప్రమాదస్థలము. అచట గొలుసు కఱ్ఱను తాకి చిక్కుకొన్నచో, సెకనుకు ఇరవై మీటర్లకు తగ్గని వేగము యంత్రమును కోయువాని మీదికే త్రిప్పికొట్టును. దీనికి విరుగుడు ముందు పిడి ఎదుటనున్న కవచము, దానితో కలిసిన బ్రేకు. అంగడిలోనే ఇంజను నడిపించి, రెండు చేతులు పిడులపై ఉండగనే, మణికట్టుతో కవచమును ముందుకు నెట్టి చూడుడు. గొలుసు తత్‌క్షణము ఆగవలెను. ఆగనిచో ధర ఎంత తగ్గించినను తేవలదు. మేము ఆ పని చేసియుండలేదు.

పెట్రోలులో కలుపు నూనె పాలు యంత్రమును బట్టి మారును. యాబదికి ఒకటి అనినచో లీటరుకు 20 మిల్లీలీటర్లు. గొలుసునకు వేరుగా నూనె పోయవలెను, లారీలనుండి తీసిన పాడునూనె పనికిరాదు. చెవులకు మూతలు, కన్నులకు తెర, శిరస్త్రాణము, పొడవు పోగులు కూర్చిన కాలిరక్షణ లాగు, ఇవి యంత్రము ధరలో భాగమనియే లెక్కింపుడు. ఆ పోగులు గొలుసులో చిక్కుకొని దానిని ఆపును.

పెరటిలో ఒక్క చెట్టు ఉన్నవారు యంత్రము కొనకుండుటయే మేలని మా అభిప్రాయము. పని తెలిసినవానిని యంత్రముతో సహా పిలిపింపుడు. వచ్చినవాని గొలుసును, కవచమును, కాలిలాగును మీరే చూడుడు, మొగమాట పడకుడు. తుపానుకు పడిన చెట్టైనచో వంగి బిగుసుకొన్న కొమ్మలు కోతతో విల్లువలె లేచును గనుక పిల్లలను దూరముగా నుంచుడు. నిలిచియున్న చెట్టును కొట్టుటకు ముందు 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష చట్టము ప్రకారము అనుమతి తీసికొనవలసియుండును. ఆ దరఖాస్తు కూలి మాట్లాడుటకు ముందే పెట్టుకొనుడు.