ఉక్కు వంతెనకు రంగుపూత



పొలము గట్టున మరచిన పార రెండు వానలకే ఎఱ్ఱబారునని రైతులందరు ఎరిగినదే. నీరు, గాలిలోని ప్రాణవాయువు కూడి ఇనుమును తాకినపుడు త్రుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో ఆ పని మఱింత వేగిరపడును. త్రుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును; కావున పూత క్రింద పుట్టిన త్రుప్పు ఆ పూతనే పైకెత్తి పగులగొట్టును. పిమ్మట పొరలుగా రాలి, లోపలి లోహమును మరల గాలికి అప్పగించును.

స్కాట్లండు దేశమున ఎడింబరో నగర సమీపమున, సముద్రపు పాయపై 1890లో తెరువబడిన ఫోర్త్ రైలు వంతెన కలదు. అందు ఏబదివేల టన్నులకు పైగా ఉక్కు ఉన్నది. రంగు ఒక కొనకు చేరునప్పటికి రెండవ కొన పాతబడునని జనులు చెప్పుకొనిరి. అందుచే ఆంగ్లభాషలో ఎంతకును తెమలని పనికి ఆ వంతెన రంగు సామెతయైనది.

ఆ సామెతకు 2011లో కాలము చెల్లినది. 2002 నుండి సాగిన పనిలో, ఏండ్ల తరబడి ఒకదానిపై నొకటి పేరుకొనిన పాత పూతలను గరుకు రవ్వల తాకిడితో ఊడగొట్టి, ఉక్కును బయటపెట్టిరి. ఆపై మూడు పూతలు వేసిరి. నడిమి పూతలో సన్నని గాజురేకులు కలవు. అవి ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి పరచుకొని నీటిదారిని చుట్టు త్రిప్పును. ఈ పూత ఇరువది ఏండ్లకు పైగా నిలుచునని అంచనా. గాజురేకుల మాట వినసొంపుగా నున్నది గాని, పూత ఆయువు తొలుత జరిగిన శుభ్రతలోనే ఉన్నది. దుమ్ము, నూనె, మంచుతడి, కంటికానని ఉప్పు అడుగున మిగిలినచో ఎంత వెలగల రంగైనను నిలువదు.

పదునైన అంచులనుండి తడిరంగు వెనుకకు జారి పలుచబడును. అందువలన నేర్పరులు అంచులకు, బోల్టులకు, అతుకులకు ముందుగా కుంచెతో అదనపు పూత వేయుదురు.

బావిబొక్కెనకు వేరొక రక్షణ కలదు. దాని తుత్తునాగపు పూతపై గీత పడినను, చుట్టునున్న తుత్తునాగము ముందు తాను కరగి ఇనుమును కాపాడును.

గ్రామములోని నీళ్లట్యాంకు నిచ్చెనకో, బడి కిటికీ చువ్వలకో రంగు వేయించినపుడు, పెద్దలు నిగనిగ చూచి కంట్రాక్టరుకు సొమ్ము చెల్లించుట వాడుక. ఆనాటికి దోషమంతయు రంగు క్రింద దాగియుండును. తనిఖీ జరుగవలసినది రంగుడబ్బా మూత తీయక మునుపే. పాత త్రుప్పు గీకిరా, గుడ్డతో తుడిచిన దుమ్ము వచ్చుచున్నదా, మెట్టు మూలలో నీరు నిలుచుచున్నదా అని అప్పుడే చూడవలెను. నీరు నిలుచు చోట ముందుగా ఒక రంధ్రము వేయించవలెను.